బోనులో పులి, వేషంలో పులి

సంపాదకుడు గారికి నమస్కారం.

అమెరికాలో లూసియానా స్టేట్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ మైదానంలోకి బతికున్న పులిని బోనులో తెచ్చిన పాత వీడియో మా వాట్సాప్ గ్రూపులో మళ్లీ తిరుగుతోంది. కాలేజీ స్పిరిట్ అంటే ఇదీ అని అందరూ మెచ్చుకుంటున్నారు. నాది నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అడవి పక్కనున్న ఆత్మకూరు. అరవై ఏళ్లలో అడవిలో పులి అడుగుజాడలు చూశానే గానీ పులిని చూడలేదు. అయినా పులి మాట వస్తే ఊరుకోలేను. పైగా మా మేనల్లుడు రెండేళ్లు అక్కడే, బేటన్ రూజ్‌లో చదివాడు.

మస్కట్ అంటే, అంటే జట్టుకో ఆటలకో గుర్తుగా పెట్టుకునే జంతువు అంటే, మన తరానికి 1982 ఢిల్లీ ఆసియాడ్ ఏనుగుపిల్ల అప్పు గుర్తొస్తుంది. అది బొమ్మ. అక్కడ మాత్రం జట్టు పేరు టైగర్స్ కాబట్టి, 1936లో విద్యార్థులు తలా పావు డాలర్ చందా వేసుకుని 750 డాలర్లకు నిజం పులినే కొన్నారు. జట్టు ట్రైనర్ మైక్ చేంబర్స్ పేరు మీద దానికి మైక్ అని పేరు పెట్టారు. ఒకటి పోతే ఇంకొకటి వస్తూనే ఉంది. 2017లో వచ్చింది ఏడో మైక్.

వాళ్ల ప్రేమను నేను వెక్కిరించను. స్టేడియానికి ఎదురుగానే 15 వేల చదరపు అడుగుల ఆవరణ కట్టారు, లోపల నీటి మడుగు కూడా ఉంది. యూనివర్సిటీ పశువైద్య కళాశాల వాళ్లే దాని బాగోగులు చూస్తారు. రోజూ కనిపెట్టుకుని ఉండేది ఇద్దరు పశువైద్య విద్యార్థులు. 2016లో ఆరో మైక్ క్యాన్సర్‌తో చనిపోతే క్యాంపస్ అంతా ఇంట్లో మనిషి పోయినట్టు బాధపడింది. మావాడికి పరీక్షల టెన్షన్ ఎక్కువైతే సాయంత్రం పోయి ఆ కంచె దగ్గర నిలబడేవాడట. "అది హాయిగా నిద్రపోతుంటుంది మామయ్యా, చూస్తుంటే మనకూ మనసు కుదుటపడుతుంది" అనేవాడు.

నా అభ్యంతరమంతా చక్రాల బోను మీదే. ఒకప్పుడు ఆటరోజున ఆ బోనును ఎదుటి జట్టు గదికి దగ్గరగా నిలిపేవారు. పులి ఎన్నిసార్లు గాండ్రిస్తే మనకు అన్ని టచ్‌డౌన్‌లు (మన ఫుట్‌బాల్‌లో గోల్ లాంటివి) అని ఒక నమ్మకం. గాండ్రించకపోతే బోను మీద బాదేవారు! ఏడో మైక్ వచ్చినప్పుడు, దాన్ని స్టేడియంలోకి తీసుకెళ్లబోమని యూనివర్సిటీయే చెప్పింది. మంచి పని చేసింది. కానీ 2024 నవంబర్ 9న అలబామాతో ఆట ఉన్నరోజు రాష్ట్ర గవర్నర్ జెఫ్ లాండ్రీ చొరవతో ఫ్లోరిడా నుంచి వేరే పులిని తెప్పించి, లక్ష మంది పట్టే స్టేడియంలో ఆ దీపాల మధ్య, ఆ హోరు మధ్య నిలబెట్టారు. సంప్రదాయాన్ని బతికిస్తున్నామన్నారు. ఆట మాత్రం 42-13తో పోయింది.

ఎవరికీ దెబ్బ తగల్లేదు కదా అంటారేమో. 2019 జనవరి 1న న్యూ ఆర్లీన్స్‌లో టెక్సస్ యూనివర్సిటీ మస్కట్ అయిన పొడుగుకొమ్ముల ఎద్దు బెవో, ఫొటోలు తీస్తుండగా కంచె తోసుకుని జార్జియా యూనివర్సిటీ వాళ్ల మస్కట్, ఊగా అనే బుల్‌డాగ్ కుక్క మీదికి దూకబోయింది. మనుషులు అడ్డుపడి ఆపారు కాబట్టి సరిపోయింది. ఎద్దుకే అంత బెదురైతే పులి సంగతేమిటి?

మన దగ్గరా ఇది కొత్త కాదు. చిన్నప్పుడు కర్నూలులో సర్కస్ వేస్తే, ఆట మొదలవక ముందే డేరా వెనక్కి వెళ్లి బోను చూసేవాళ్లం. ఆ ఇరుకులో పులి అటు రెండు అడుగులు, ఇటు రెండు అడుగులు వేస్తూ తిరుగుతుండేది. 1998లో కేంద్రం పులులు, సింహాలతో ఆటలు ఆడించడం నిషేధించింది. సర్కస్‌ల నుంచి తెచ్చిన జంతువులకు విశాఖపట్నంలో, తిరుపతిలో ఆశ్రయం ఇచ్చారు. పులి పోయినందుకు పిల్లల సంతోషం ఏమీ తగ్గలేదు.

ఆ మాటకొస్తే, నేను చూసిన ఉత్సాహమంతా పీర్ల పండగ పులివేషం దగ్గరే. ఒళ్లంతా పసుపు రంగు, నల్ల చారలు, వెనక తోక, నోట నిమ్మకాయ. డప్పు మోగితే చాలు, వీధి వీధంతా వాడి వెంట ఉరికేది. లూసియానాలోనూ పులివేషం వేసుకున్న మైక్ ఒకడు ఉన్నాడు. స్టేడియంలో జనాన్ని ఆడించేది, పిల్లల చేత కేకలు పెట్టించేది అతనే. బోనులో పులి చేసేదేముంది? ఆ హోరు ఎప్పుడు ఆగుతుందా అని చూడటం తప్ప.

అక్కడ చదువుతున్న మన పిల్లలు, చదివి ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్లు ఆ యూనివర్సిటీకి ఒక మాట రాయాలని నా కోరిక. చక్రాల బోను మళ్లీ రాకూడదు, ఎవరు అడిగినా సరే. ఏడో మైక్ ఉన్నన్నాళ్లు ఆ ఆవరణలో సుఖంగా ఉండనివ్వండి. ఎనిమిదో మైక్ అక్కర్లేదు.

మావాడి దగ్గర రెండు ఫొటోలు ఉన్నాయి. ఒకదాంట్లో వేషంలో ఉన్న మైక్ వీడి భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. రెండోదాంట్లో నిజం మైక్ వీపు ఇటు తిప్పి పడుకుని ఉంది.

ఇట్లు,
ఒక పాఠకుడు
ఆత్మకూరు, నంద్యాల జిల్లా