వంకర గోడలున్న బాత్రూమ్‌కు టైల్స్ ఇచ్చే ముందు మేమడిగే కొలతలు

మా దుకాణంలో టైల్స్ కొని బాత్రూమ్ గోడలకు తామే వేసుకోవాలనుకుంటున్న వారికి ఒక మార్పును ముందుగా తెలియజేస్తున్నాం. ఇకపై తణుకులోని మా దుకాణంలో పాత గోడల మీద వేసే టైల్స్‌కు బిల్లు రాసే ముందు గోడ కొలతలు అడుగుతాం. పొడవు, ఎత్తు ఒక్కటే సరిపోవు. గోడ ఎక్కడ లోపలికి పోయిందో, ఎక్కడ ఉబ్బిందో తెలిపే కొలతలు కూడా కావాలి. వంకర ఎక్కువగా ఉండి, వేసేవారికి ఇదే మొదటి పని అయిన పక్షంలో, రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవు ఉన్న పెద్ద టైల్స్ మేము అమ్మబోము. గోడ సరిచేయించుకొని వస్తే అవే టైల్స్ సంతోషంగా ఇస్తాం.

ఒక్క బాత్రూమ్ పనికి తాపీ మేస్త్రీలు దొరకడం కష్టంగా ఉంది, దొరికినా కూలి భారంగా ఉంది. అందువల్ల వీడియోలు చూసి నేర్చుకొని స్వయంగా పనికి దిగుతున్నవారు మా దగ్గరికి ఎక్కువగా వస్తున్నారు. వారి పట్టుదల మీద మాకు నిజమైన గౌరవం ఉంది. అయితే విదేశీ వీడియోలలో కనిపించే గోడలు చాలావరకు చట్రానికి బిగించిన బోర్డులు. అవి ముందే చదునుగా ఉంటాయి. మనవి ఇటుక గోడలు. తొమ్మిదంగుళాల గోడ కట్టేటప్పుడు మేస్త్రీ ఒక ముఖాన్నే దారానికి సరిపెట్టగలడు, ఇటుకల పొడవుల్లోని తేడా అంతా రెండో ముఖానికి పోతుంది. ప్రభుత్వ నిర్మాణ పనుల నిబంధనలు కూడా ఈ కారణంగానే నున్నటి ముఖానికి 12 మిల్లీమీటర్ల ప్లాస్టరింగు, గరుకు ముఖానికి 15 మిల్లీమీటర్లు అని వేరుగా చెబుతాయి. దానికి తోడు పాత ఇళ్ళలో పైపుల కోసం గోడను కొట్టి పూడ్చిన చోట్లు, నేల తడి పైకెక్కి ఉప్పు పొంగిన చోట్లు ఉంటాయి. మన డెల్టా ఊళ్ళలో ఇది కొత్త విషయం కాదు.

ఈ నిర్ణయంలో మా లాభనష్టాల సంగతి కూడా దాచకుండా చెప్పాలి. ఎనిమిదడుగుల పొడవు, ఏడడుగుల ఎత్తు ఉన్న గోడ చదునుగా ఉంటే, మూడు మిల్లీమీటర్ల మందంతో టైల్ అంటించడానికి ఇరవై కిలోల అడ్హెసివ్ బస్తా ఒకటి, మహా అయితే ఒకటిన్నర సరిపోతుంది. అదే గోడలోని గుంతలన్నిటినీ అడ్హెసివ్‌తోనే నింపుతూ పోతే, సగటున మరో పది మిల్లీమీటర్ల మందం పడినా, అయిదు బస్తాల దాకా లాగుతుంది. అన్ని బస్తాలు అమ్మితే మా గల్లాపెట్టెకు మంచిదే కానీ మీ గోడకు మంచిది కాదు. మందంగా పడిన అడ్హెసివ్ ఆరేటప్పుడు కుంచించుకుపోయి టైల్‌ను లోపలికి లాగుతుంది, లేదా అది గట్టిపడే లోపే బరువుకు టైల్ కిందికి జారుతుంది. సిమెంటు, ఇసుకతో తక్కువ ఖర్చులో అయ్యే పనిని దానితోనే చేయించుకోవాలి.

కొలతలు తీయడం కష్టం కాదు. గోడ పైభాగాన, ఒక మూలకు జానెడు దూరంలో, గోడ నుంచి కొంచెం బయటికి నిలిచేలా ఒక మేకు కొట్టి తూకం గుండు వేలాడదీయండి. గుండు ఊగడం ఆగాక, దారానికీ గోడకూ మధ్య ఉన్న దూరాన్ని పైన, నడుమ, కింద టేపుతో కొలిచి గోడ మీదనే పెన్సిల్‌తో రాయండి. అదే విధంగా గోడ మధ్యలోనూ, రెండో చివరా చేయండి. మేకులు మూడూ గోడకు ఒకే వరుసలో ఉండాలంటే, రెండు చివరల మేకుల మధ్య దారం బిగించి, నడిమి గుండును ఆ దారానికి తాకేలా వేలాడదీయాలి. మొత్తం తొమ్మిది అంకెలు వస్తాయి. ఉదాహరణకు ఒక చివర పైన 40, నడుమ 28, కింద 38 మిల్లీమీటర్లు వచ్చాయంటే గోడ నడుమ ఉబ్బి ఉందని అర్థం. అంకె తగ్గితే ఉబ్బు, పెరిగితే గుంత. తొమ్మిదింటిలో అన్నిటికంటే చిన్న అంకెకూ పెద్ద అంకెకూ ఉన్న తేడాయే మేము చూసేది.

తేడా మూడు నాలుగు మిల్లీమీటర్ల లోపైతే అడ్హెసివ్ పొర దాన్ని సర్దుకుంటుంది. పది లోపైతే ఉబ్బిన చోట పాత ప్లాస్టరింగును ఉలితో చెక్కి, గుంతలను ఒకటి రెండు రోజుల ముందే సిమెంటు, ఇసుక మాలుతో నింపి, ఆరడుగుల అల్యూమినియం బద్దతో నిలువుగా, అడ్డంగా, ఏటవాలుగా సరిచూసుకోవచ్చు. అంతకు మించితే గోడకు మళ్ళీ ప్లాస్టరింగు చేయించడమే సరైన మార్గం. ఈ ఒక్క పనికి మేస్త్రీని పిలవండి, టైల్ పని తరువాత మీరే చేసుకోండి. గోడంతా చదును చేసే పని టైల్ అతికించే పని కంటే నేర్చుకోవడానికి కష్టం, తప్పితే దిద్దుకోవడం ఇంకా కష్టం. కొత్త ప్లాస్టరింగును కనీసం వారం రోజులు తడిపి, ఆ తరువాత పూర్తిగా ఆరనివ్వాలి. తడి గోడ మీద తొందరపడి టైల్ వేయవద్దు.

పుట్టీ గురించి విడిగా చెప్పక తప్పదు, ఎందుకంటే ఈ ప్రశ్న తరచుగా వస్తోంది. రంగు వేసే గోడలకు వాడే పుట్టీతో గుంతలు నింపి, దాని మీద టైల్ వేయకూడదు. పుట్టీకి టైల్ బరువును పట్టి ఉంచే బలం ఉండదు, అడ్హెసివ్ ఎంత మంచిదైనా పుట్టీ పొర గోడను వదిలేస్తే టైల్ దానితో పాటే ఊడివస్తుంది. పాత రంగుకు కూడా ఇదే వర్తిస్తుంది; దాన్ని గీకి, గోడకు దగ్గర దగ్గరగా గాట్లు కొట్టాలి. తాపీ పిడితో తట్టినప్పుడు డొల్ల శబ్దం వచ్చిన ప్లాస్టరింగును మొహమాటం లేకుండా ఊడగొట్టాలి. అలాగే గోడ వంకరను కప్పిపుచ్చడానికి టైల్ వెనుక అయిదు ముద్దలు పెట్టి గోడకు నొక్కే పద్ధతిని మేము ఎవరికీ సూచించం. ముద్దల మధ్య మిగిలిన ఖాళీలలో నీరు చేరుతుంది, టవల్ రాడ్డు కోసం అక్కడ డ్రిల్లు పెడితే టైల్ పగులుతుంది. పళ్ళ తాపీతో టైల్ పట్టే చోటంతా అడ్హెసివ్‌ను గీతలు ఒకే దిశలో ఉండేలా పరచి, మొదట వేసిన టైల్స్‌లో ఒకటి రెండు వెంటనే ఊడదీసి వెనుక అంతటా అడ్హెసివ్ అంటిందో లేదో చూసుకోవడం మంచి అలవాటు.

మొదటిసారి వేసేవారికి మా సలహా పన్నెండంగుళాల వెడల్పు, పద్దెనిమిదంగుళాల పొడవు ఉన్న సిరామిక్ టైల్. ఒక్కొక్కటి దాదాపు రెండు కిలోల బరువుంటుంది, చేతి కట్టర్‌తో తెగుతుంది, సరిగా కూర్చోకపోతే ఒంటి చేత్తో తీసి మళ్ళీ పెట్టవచ్చు. రెండడుగులు, నాలుగడుగుల టైల్ ఒక్కటే పద్నాలుగు పదిహేను కిలోలు ఉంటుంది. గోడ కొద్దిగా ఉబ్బినా దాని మధ్య భాగం తగిలి చివరలు లేస్తాయి. మెరిసే టైల్ కంటే మ్యాట్ టైల్ తీసుకుంటే వెంటిలేటర్ నుంచి వాలుగా పడే వెలుతురులో అంచుల ఎత్తుపల్లాలు అంతగా కనిపించవు. జాయింటు లేకుండా కలిపేయాలని చాలామంది కోరుకుంటారు కానీ, ఇలాంటి గోడలకు టైల్స్ మధ్య సందు ఉంచే స్పేసర్ కనీసం రెండు మిల్లీమీటర్లది వాడండి. టైల్స్‌లోని చిన్న తేడాలను ఆ సందే సర్దుతుంది.

మూలలు కూడా ముందే చూసుకోవాలి. మూల నుంచి ఒక గోడ మీద మూడడుగులకు, రెండో గోడ మీద నాలుగడుగులకు గుర్తు పెట్టి, ఆ రెండు గుర్తుల మధ్య దూరం సరిగ్గా అయిదడుగులు వస్తే మూలమట్టం సరిపోయినట్టు. రాకపోతే నేల టైల్స్ చివరి వరుస ఒక పక్క వెడల్పుగా, మరో పక్క సన్నగా వస్తుంది. గోడ నిలువు తప్పినా మూలలో ఇదే జరుగుతుంది. అప్పుడు తలుపు తీయగానే కంటికి ఎదురయ్యే చోట నిండు టైల్ వచ్చేలా మొదలుపెట్టి, కోత ముక్కలను తలుపు చాటుకు పోయే మూలకు తోయండి. ఆ ముక్కలకు పైన ఒక కొలత, కింద ఒక కొలత విడిగా తీసుకోవాలి. కింది వరుసను నేల మీద ఆనించి మొదలుపెట్టవద్దు, నేలకు నీళ్ళు పోయే వాటం ఉంటుంది కనుక వరుసంతా వంకర అవుతుంది. రసమట్టంతో చూసి, రెండో వరుస అడుగున ఒక బద్ద బిగించి, దాని మీద నుంచి పైకి వెళ్ళి, కింది వరుసను చివర కోసి వేయండి.

గోడలో దాగే డైవర్టర్ (నీటిని షవర్‌కో కుళాయికో మళ్ళించే వాల్వు) ఉన్నవారు ప్లాస్టరింగుకు ముందే దాని ప్లాస్టిక్ మూత మీద ఉన్న లోతు గుర్తులను గమనించండి. టైల్ ముఖం ఆ రెండు గుర్తుల మధ్యకు రావాలి. గోడను ముందుకు తెచ్చాక అది లోతుగా పడిపోతే పైన బిగించే ప్లేటు అందదు.

తూకం గుండు, రసమట్టం, ఆరడుగుల బద్ద, మూలమట్టం తమ దగ్గర లేనివారికి మేము అద్దె లేకుండా ఇస్తాం. కొంత డిపాజిట్ తీసుకొని, వస్తువులు తిరిగి ఇచ్చినప్పుడు పూర్తిగా చెల్లిస్తాం. తొమ్మిది అంకెలు రాసిన కాగితం తెస్తే బస్తాల లెక్క మేమే కట్టి ఇస్తాం. టైల్స్ పెట్టెల మీద షేడ్ నంబరు ఒకటేనని మా ఎదుటే సరిచూసుకొని, కోతలకూ ముందు ముందు మరమ్మతులకూ పదింట ఒక వంతు అదనంగా తీసుకోండి. విప్పని పెట్టెలను బిల్లుతో తెస్తే వెనక్కి తీసుకుంటాం. విప్పిన పెట్టెలు, కోసిన టైల్స్, తడి తగిలిన అడ్హెసివ్ బస్తాలు తీసుకోలేం.