ఆ కాగితం మీద సంతకం పెట్టకు బిడ్డా

బిడ్డా,

నిన్న రాత్రి ఫోన్‌లో "పోనీ నాన్నా, కట్టేసి బండి తెచ్చుకుందాం, నాకీ టెన్షన్ వద్దు" అన్నావు. నేను నోరు తెరిచేలోపే నీకు ఆఫీసు కాల్ వచ్చింది. ఫోన్‌లో నా మాట ఎప్పుడూ సగంలోనే ఆగిపోతుంది, అందుకే కూర్చుని రాస్తున్నా. కాగితాలు ఫొటో తీసి పంపుతా, పని మీద వెళ్ళిన ఆ పుణెలో నీకు తీరిక దొరికినప్పుడు నింపాదిగా చదువు.

ముందు అసలు మాట. కారు రిపేర్‌కి సర్వీస్ సెంటర్ వాళ్ళు అడిగిన ఆ 4,60,000 రూపాయలు కట్టొద్దు. ఎస్టిమేట్ మీద గానీ, ఇన్సూరెన్స్ క్లెయిమ్ ఫారం మీద గానీ సంతకం పెట్టొద్దు. ఎస్టిమేట్ ఓకే చేయడానికి ఓటీపీ వస్తుంది, అదీ చెప్పొద్దు.

నిన్న సర్వీస్ సెంటర్‌కి వెళ్ళాను. మొదట లోపలికి రానివ్వలేదు. బండి ఓనర్ తండ్రిని, 32 ఏళ్ళు బస్సుల వర్క్‌షాప్‌లో చేశాను, చెయ్యి పెట్టను, చూసి వస్తా అని చెప్పాను. గంట కూర్చోబెట్టి పంపించారు. డ్రైవర్ సీటు విప్పి పక్కన పెట్టారు. సీటు కింద కంట్రోల్ యూనిట్ ఉంటుంది, బండి కరెంటు పనులు నడిపే పెట్టె, దాని కనెక్టర్ తీసి చూపించారు. పిన్నుల మీద పచ్చటి చిలుము, ఇత్తడి చెంబు తోమకుండా వదిలేస్తే పట్టినట్టు. నీళ్ళు చేరిన మాట నిజమే, అందులో వాళ్ళతో నాకు పేచీ లేదు. ఎటునుంచి చేరాయన్నదే పేచీ.

జాబ్ కార్డులో, అంటే బండికి ఏమైందో వాళ్ళు రాసుకునే కాగితంలో, "నీళ్ళు నిలిచిన రోడ్డులో కస్టమర్ బండి నడపడం వల్ల నష్టం, వారంటీ వర్తించదు" అని రాశారు.

మన ఊళ్ళో రోడ్డు మీద నిలిచే నీళ్ళంటే నాలా నీళ్ళు, బురద, చెత్త, ఇంజిన్ ఆయిల్, అన్నీ కలిసినవి. అవి బండిలోకి వస్తే తలుపు అడుగు నుంచి వస్తాయి, దిగిపోయాక గీత వదిలిపోతాయి. సీటు పట్టాల్లో ఇసుక మిగులుతుంది. వాసన వారం రోజులైనా పోదు. టార్చ్ పెట్టి అంతా చూశాను. తలుపు రబ్బర్ల కింద దుమ్ము పొడిపొడిగా ఉంది. పట్టాల్లో గ్రీజు కొత్త బండిలో ఉన్నట్టే ఉంది. ఎడమవైపు కార్పెట్ కింద స్పాంజి పొడిగా ఉంది, కుడివైపుది పిండితే నీళ్ళు కారుతున్నాయి, అవీ తేట నీళ్ళు. రోడ్డు నీళ్ళు అలా ఒక పక్కకే రావు, అంత తేటగా అసలే రావు. తలెత్తి చూస్తే కుడివైపు ముందు స్తంభం దగ్గర, అంటే ముందు అద్దానికీ తలుపుకీ మధ్య నిలబడే కమ్మీ దగ్గర, రూఫ్ గుడ్డ మీద, అరచేతి వెడల్పు మరక, టీ రంగులో.

సన్‌రూఫ్ చుట్టూ ఉన్న రబ్బరు వాన నీటిని పూర్తిగా ఆపదు బిడ్డా, ఈ సంగతి చాలామందికి తెలియదు. కొంత నీరు లోపలి కాలువలోకి దిగుతుంది, దిగేలాగే తయారు చేస్తారు. ఆ కాలువ మూలల నుంచి సన్నటి గొట్టాలు స్తంభాల లోపలినుంచి కిందికి వెళ్ళి ఆ నీటిని బండి బయట వదులుతాయి. గొట్టం పూడుకుపోయినా, బిగించిన చోట ఊడినా, అదే నీరు డ్యాష్‌బోర్డు పక్కనుంచి కాళ్ళ దగ్గరికి, అక్కణ్ణుంచి సీటు కిందికి చేరుతుంది.

అక్కడి టెక్నీషియన్ కుర్రాడు మంచివాడు. వాడితోనే బాటిల్ తెప్పించి, తెరిచి ఉన్న సన్‌రూఫ్ కాలువలో ఒక్కో మూలా కొంచెం కొంచెంగా నీళ్ళు పోయించాను. మూడు మూలల్లో పోసినవి కాసేపటికే బండి కింద నేల మీదికి కారాయి. కుడి ముందు మూలలో పోసినవి రాలేదు. ఇద్దరం వంగి చూస్తున్నాం. స్తంభం తొడుగు అంచున ముందు ఒక చుక్క కనపడింది, కాసేపు అలా వేలాడి జారింది, దాని వెనక ఇంకొకటి. మొత్తం ఫోన్‌లో తీశాను. కుర్రాడు నా ముఖం చూశాడు, ఏమీ అనలేదు.

నా చెయ్యి ఆ ప్లాస్టిక్ తొడుగు మీదికి వెళ్ళింది. లాగితే గొట్టం ఊడిందో పూడిందో ఒక్క నిమిషంలో తేలిపోతుంది. అయినా ఆపుకున్నాను. మనం విప్పితే రేపు బయటివాళ్ళు చెయ్యి పెట్టారని అదొక సాకు అవుతుంది. వాళ్ళే విప్పాలి, మన ముందు విప్పాలి. గొట్టం ఊడిందని తేలితే అది ఫ్యాక్టరీ తప్పు, మాట్లాడాల్సిన పనే లేదు. పూడిందని తేలితే శుభ్రం చేయించుకోవాల్సింది మీరే అంటారు, అప్పుడు మన వాదన కాస్త బలహీనపడుతుంది. నీ దగ్గర అది దాచను. కానీ నాలుగు నెలల కింద సర్వీస్ చేసింది వాళ్ళే కదా. ఏదైనా సరే, నువ్వు బండిని నీళ్ళలో నడిపావన్న మాట మాత్రం అబద్ధం.

ఆ మాటే నాకు గుచ్చుకుంటోంది. ఎప్పుడూ నీకు చెప్పని సంగతి ఒకటి చెప్తా. నువ్వు మూడో తరగతిలో ఉన్నప్పుడు మా వర్క్‌షాప్‌కి ఇంజిన్ పట్టేసిన బస్సొకటి వచ్చింది. రేడియేటర్ హోస్ పగిలి నీళ్ళన్నీ పోయాయి. ఆ హోస్ మార్చాల్సిన గడువు దాటి మూడు నెలలైందని నాకు తెలుసు, మా ఇన్‌ఛార్జ్‌కీ తెలుసు. రిపోర్టులో "కారణం" అని ఒక గడి ఉంటుంది. రెండు మాటలు పడతాయి అందులో. "డ్రైవర్ నిర్లక్ష్యం" అని రాయమన్నాడు, రాసి సంతకం పెట్టాను. ఆ డ్రైవర్ నా దగ్గరికి వచ్చి "సార్, వేడి చూపే ముల్లు పైకి పోలేదు సార్, నేను చూస్తూనే ఉన్నా" అన్నాడు. నేను తల ఎత్తలేదు. ఏడాది పాటు అతని జీతంలో కోసుకున్నారు. ఒక్కసారి అతను పై ఆఫీసుకి ఒక అర్జీ రాసి ఉంటే మా రిజిస్టర్ బయటికి వచ్చేది. అతనికి రాయడం రాదు, నేను రాయించలేదు.

నీకు రాయడం వచ్చు. అందుకే చెప్తున్నా.

మన దగ్గర ఏమున్నాయో చూడు. సెల్లార్‌లో ఫ్లోరింగ్ పని జరుగుతోందని మీ అపార్ట్‌మెంట్ వాళ్ళు ఆ వారం బండ్లన్నీ బయట పెట్టించారు. శుక్రవారం సాయంత్రం పెట్టిన బండిని నువ్వు సోమవారం దాకా తీయలేదు. ఆ మూడు రాత్రులూ వాన. సోమవారం పొద్దున స్టార్ట్ చేస్తే డ్యాష్‌బోర్డులో హెచ్చరిక లైట్లన్నీ వెలిగాయి. గేటు దగ్గర వాచ్‌మన్ రిజిస్టర్‌లో బండ్ల రాకపోకలు ఉన్నాయి, ఈ రోజు పొద్దున వెళ్ళి ఆ పేజీలు ఫొటో తీశాను. సెక్రటరీ గారు లెటర్‌హెడ్ మీద రాసిస్తానన్నారు. ఇంకోటి, బండి కంప్యూటర్‌లో ఏ లోపం ఎప్పుడు, ఎన్ని కిలోమీటర్ల దగ్గర వచ్చిందో నమోదై ఉంటుంది. ఆ ప్రింటవుట్ అడగాలి.

ఇన్సూరెన్స్‌లో పెట్టుకోండి, ఈజీగా అయిపోతుంది అని మేనేజర్ నాకూ చెప్పాడు. ఆ ఫారంలో వరద నీళ్ళ వల్ల నష్టం అని నీ చేత్తో నువ్వే రాసిచ్చినట్టవుతుంది. ఇక వారంటీ మాట ఎత్తలేవు. నో క్లెయిమ్ బోనస్, అదే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు, పోవడం దానికి అదనం.

కోర్టు అంటే భయపడుతున్నావు. అంతదాకా వెళ్ళకపోవచ్చు. ముందు 1915కి, అదే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి, ఫిర్యాదు ఇద్దాం. కుదరకపోతే వినియోగదారుల కమిషన్, ఇలాంటి కేసులు వినే కోర్టు లాంటిది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నువ్వు ఉండే ఊళ్ళోనే కేసు వేయొచ్చు. బండికి మనం ఇచ్చింది 58 లక్షలు, 50 లక్షలు దాటింది కాబట్టి జిల్లా కమిషన్ కాదు, రాష్ట్ర కమిషన్, అదీ హైదరాబాద్‌లోనే. ఫీజు 2,000 రూపాయలు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంట్లో కూర్చునే వేయొచ్చు, లాయర్ ఉండి తీరాలని లేదు. నోటీసు అందాక జవాబివ్వడానికి వాళ్ళకి 30 రోజులు, మహా అయితే ఇంకో 15. అవసరమైతే కమిషనే ల్యాబ్ పరీక్షకు పంపుతుంది. రెండేళ్ళలోపు వేయాలి, మనకు బోలెడంత టైముంది. అల్లుడు గారు కంపెనీ పేర కొందామన్నప్పుడు నువ్వు వద్దని నీ పేరునే తీసుకున్నావు చూడు, అది ఇప్పుడు అక్కరకొచ్చింది. వ్యాపారానికి కొన్న బండి, నువ్వు వినియోగదారువే కాదు అనే వాదనకు చోటు లేదు.

కొత్త బండి ఇవ్వమని మాత్రం అడగొద్దు. అల్లుడు గారు కోపంలో అన్నారు, అర్థం చేసుకోగలను. కానీ వారంటీలో వాళ్ళు ఒప్పుకున్నది పాడైన భాగం బాగుచేయడం లేదా మార్చడమే. బండి మొత్తం మార్చమనడం కుదరదని 2006లోనే సుప్రీంకోర్టు ఒక మారుతి కారు కేసులో చెప్పింది. న్యాయంగా రావాల్సింది అడుగుదాం. ఉచితంగా రిపేర్, ఆ గొట్టం సరిచేయడం, జాబ్ కార్డులో రాసిన మాట తీసేయడం.

58 లక్షల బండి కొని నాలుగు లక్షలకి కొట్లాడితే నవ్వుతారేమో అన్నావు. పెద్దమ్మ గుడి దగ్గర బండికి పూజ చేయించిన రోజు టైర్ల కింద నిమ్మకాయలు పెడుతూ మీ అమ్మ చేతులు వణకడం నువ్వు చూడలేదు, నేను చూశాను. పదకొండేళ్ళు నైట్ షిఫ్టులు చేసి కొన్నావు. ఎవరు నవ్వినా నవ్వనీ.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది ఒక్క మెయిల్. సర్వీస్ సెంటర్‌కీ, కార్ల కంపెనీ ఇండియా ఆఫీసుకీ కలిపి పంపు. వారంటీ ఏ క్లాజు కింద నిరాకరించారో రాతపూర్వకంగా ఇమ్మను, ఆ లోపాల ప్రింటవుట్ ఇమ్మను. కుడి స్తంభం తొడుగు మా నాన్న ముందు విప్పాలని, విప్పిన భాగాలు పారేయొద్దని రాయి. రోజుకింత పార్కింగ్ ఛార్జీ అంటున్నారు, దానికి ఒప్పుకోవడం లేదని కూడా రాయి. వీడియో జతచెయ్యి. కోపం మాటలు వద్దు, తేదీలు రాయి చాలు. నీ పేరున బండి, నీ మెయిల్ నుంచే పోవాలి.

ఈ రాత్రికే పంపు. రేపు పది గంటలకు దాని ప్రింట్ పట్టుకుని వెళ్తాను, కాపీ మీద ముట్టినట్టు స్టాంపు వేయించుకుని వస్తాను. మీ అమ్మ భోజనం చేశావా అని అడగమంటోంది.

మీ నాన్న