మోకాలి కంటే పైకి కాలెత్తవద్దు

చిరంజీవి శ్రావణికి నాన్న ఆశీర్వదించి రాయునది.

ఆఫీసు దగ్గర కిక్‌బాక్సింగ్ క్లాసులో చేరావనీ, అక్కడ మొదటి వారం నుంచే లో కిక్, అంటే ఎదుటివాడి కాళ్ల మీద తన్నే తన్ను, నేర్పిస్తున్నారనీ రాశావు. రాత్రివేళ ఎవడైనా మీద పడితే అది నిజంగా పనికివస్తుందా అని కూడా అడిగావు. పనికివస్తుంది. అయితే రింగులో పనికివచ్చే తీరు వేరు, రోడ్డు మీద పనికివచ్చే తీరు వేరు. ఏళ్ల తరబడి దెబ్బతిన్న మోకాళ్లకు వైద్యం చేస్తున్నవాడిని కనుక ఈ సంగతి కొంచెం వివరంగా చెప్పాలనిపించింది. ఫోనులో అయితే మీ అమ్మ సగంలోనే మాట మారుస్తుంది.

స్కూల్లో నేర్చుకున్న తైక్వాండో నీ తుంటి కీళ్లకు మంచి సాగుడు ఇచ్చింది, కాదనను. కాని ఆ ఆటలో నడుము కింద తన్నడం తప్పు. ఛాతీకి తన్నితే రెండు పాయింట్లు, తలకు తన్నితే మూడు, ఒళ్లు గిర్రున తిప్పి తలకు తన్నితే ఐదు వస్తాయి కాబట్టి, అలవాటు పడిన కాలు ఆలోచించకుండానే పైకి లేస్తుంది. భుజాన ల్యాప్‌టాప్ సంచితో, బిగుతు ప్యాంటుతో, వాన కురిసిన ఫుట్‌పాత్ మీద తల ఎత్తుకు కాలు లేపావంటే, నువ్వు ఒంటికాలి మీద నిలబడినంతసేపూ ఆ లేచిన కాలు ఎదుటివాడి చేతికి అందుబాటులో ఉన్నట్టే. పట్టుకుని లాగితే కింద పడేది నువ్వే. మోకాలి ఎత్తుకు మించని తన్ను చూపుకు సులభంగా దొరకదు, చేతికి అందదు, తగలకపోయినా నీ పాదం వెంటనే నేల మీదికి వచ్చేస్తుంది.

మీ క్లాసులో నేర్పేది థాయ్‌లాండ్ మార్గం. కాలిని గుండ్రంగా విసిరి, మోకాలి కింద ముందువైపు ఎముకతో ఎదుటివాడి తొడ బయటి భాగాన్ని కొట్టడం. దాని బలం లోకానికి గట్టిగా తెలిసిన పోటీల్లో ఒకటి 1988లో లాస్ వేగాస్‌లో జరిగింది. అమెరికా ఛాంపియన్ రిక్ రూఫస్ మొదటి రౌండులోనే థాయ్ యోధుడు చాంగ్‌పుయెక్ కియత్‌సోంగ్రిత్ దవడ విరగ్గొట్టాడు. అయినా అతడు రూఫస్ తొడల మీద తన్నుతూనే పోయి, చివరికి నిలబడలేని స్థితికి తెచ్చి గెలిచాడు. ఇందులో నువ్వు గమనించవలసినది ఆ గెలుపుకు ఎన్నో తన్నులు, కొన్ని రౌండ్ల సమయం పట్టాయన్న సంగతి. రోడ్డు మీద నీకు అంత సమయం ఉండదు. తాగినవాడికీ, కోపంతో ఊగిపోతున్నవాడికీ తొడ మీద తగిలిన ఒక్క దెబ్బ నొప్పి ఆ క్షణంలో తెలియకనే పోవచ్చు. పైగా ఆ దెబ్బ ఎదుటివాడి మోకాలికి తగిలితే నీ ఎముకే విరగవచ్చు. 2013 డిసెంబరు 28న మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ పోటీలో పేరుమోసిన యోధుడు ఆండర్సన్ సిల్వా తన్నిన తన్నును ప్రత్యర్థి క్రిస్ వైడ్‌మన్ కాలెత్తి అడ్డుకున్నాడు, సిల్వా ఎడమకాలు అక్కడికక్కడే విరిగింది. విచిత్రమేమంటే 2021 ఏప్రిల్‌లో అదే వైడ్‌మన్ మరొకరిని తన్నబోయి, అచ్చంగా అలాగే తన కాలు విరగ్గొట్టుకున్నాడు. అటువంటివాళ్లకే తప్పనిది మనకు తప్పుతుందనుకోకు.

అందుకే నీకు నేను చెప్పేది నేరుగా, అరికాలితో గానీ మడమతో గానీ తోసినట్టు తన్నే తన్ను. షూ వేసుకునే ఆడే సవాత్ అనే ఫ్రెంచివారి పోరాట క్రీడలో ఇది ఎప్పటి నుంచో ఉంది. షాంఘై పోలీసు శాఖలో పనిచేసి, రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ కమాండోలకు శిక్షణనిచ్చిన ఫెయిర్‌బెయిర్న్ కూడా బూటు అంచుతో మోకాలిని తన్ని, అదే అంచుతో ముందు ఎముక పొడుగునా గీసుకుంటూ దిగి, పాదం పైభాగాన్ని తొక్కమనే నేర్పాడు. మోకాలు తలుపు బందు లాంటిది, ఒకవైపుకే మడుస్తుంది. ఎదుటివాడు నీవైపు అడుగు వేసి, ఆ కాలి మీద బరువు మోపిన క్షణంలో ముందు నుంచి తగిలిన దెబ్బకు ఆ కాలు మడవలేదు, వెనక్కి జరగనూ లేదు. బరువు లేని కాలును ఎంత గట్టిగా తన్నినా అది పక్కకు తొలగిపోతుంది, అంతే. మోకాలికి బయటివైపు, కొంచెం కిందుగా, కాలిలోని రెండు ఎముకల్లో సన్నదాని పైకొన దగ్గర, దాన్ని చుట్టుకుని ఒక నరం చర్మానికి బాగా దగ్గరగా పోతుంది. అక్కడ దెబ్బ తగిలితే పాదం కాసేపు మొద్దుబారి, పరుగెత్తడం కష్టమవుతుంది. గజ్జల్లో తన్నమని అందరూ సలహా ఇస్తారు గాని, మగవాళ్లు ఆ దెబ్బను అప్రయత్నంగానే తప్పించుకుంటారు, దాని మీదే ఆశ పెట్టుకోవద్దు.

తన్నేముందు కాలివైపు చూడకు. చేతులు ఛాతీ ఎత్తున ముందుకు పెట్టి, "దూరంగా ఉండు" అని గట్టిగా కేక వెయ్యి. నలుగురికీ వినపడుతుంది, చేతులు కూడా అడ్డుగా ఉంటాయి. కాలిని వెనక్కి లాగి ఊపు తీసుకోకుండా, ఉన్నచోటి నుంచే తన్ని, వాడు వంగినా తూలినా ఆగి చూడకుండా వెలుతురూ మనుషులూ ఉన్న వైపు పరుగెత్తు. వెనక నుంచి పట్టుకుంటే మడమతో వాడి కాలి ముందు ఎముకను గీరి, పాదం మీద తొక్కు. కత్తి కనబడినా, ఇద్దరు ముగ్గురు ఉన్నా, అడిగేది ఫోనో డబ్బో అయితే ఇచ్చేయడమే సరి. అక్కడ తన్నుకు చోటు లేదు.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో ఆత్మరక్షణ హక్కు 34 నుంచి 44 వరకు సెక్షన్లలో ఉంది. అత్యాచారానికీ, యాసిడ్ దాడికీ ఎవడైనా తెగబడితే ఆ హక్కు వాడి ప్రాణం పోయేంతవరకూ వర్తిస్తుంది. మామూలుగా మాత్రం రక్షించుకోవడానికి అవసరమైనంత కంటే ఎక్కువ హాని చేయకూడదు. ఎముక విరగడం, కీలు శాశ్వతంగా దెబ్బతినడం తీవ్రమైన గాయాల కిందికే వస్తాయి. మోకాలి లోపల ఎముకలను కలిపి పట్టి ఉంచే లిగమెంటు తెగి, ఆపరేషన్ చేయించుకున్న కుర్రవాళ్లు మళ్లీ ఆటలోకి రావడానికి తొమ్మిది నెలలు పట్టడం నా దగ్గర మామూలు విషయం. కనుక ఈ తన్నును స్నేహితుల మీద సరదాకు కూడా ప్రయోగించకు, పడిపోయినవాడిని మళ్లీ తన్నకు. సురక్షితమైన చోటికి చేరగానే 112కు ఫోన్ చేసి, జరిగింది జరిగినట్టు చెప్పు.

క్లాసులో పాదాలకు ఏమీ లేకుండా సాధన చేస్తారు. వారానికి ఒక్కసారైనా ఆఫీసుకు వేసుకునే షూతో ప్యాడ్ మీద తన్ననివ్వమని మీ కోచ్‌ను అడుగు. రెండు కాళ్లతోనూ సాధన చెయ్యి, ముఖ్యంగా నీకు చేతకాని ఎడమకాలితో. రబ్బరు చెప్పులతో తన్నవలసి వస్తే మడమే వాడాలి, వేళ్లు తగిలితే విరుగుతాయి. దసరాకు వచ్చేటప్పుడు ఆ షూ తెచ్చుకో. క్లినిక్‌లో ఒక పాత ఫోమ్ ప్యాడ్ ఉంది, నేను పట్టుకుంటాను.

ఇట్లు,
మీ నాన్న