కార్యదర్శి వార్షిక నివేదిక: కాంట్రాక్టు నావికుల సంఘం, విశాఖపట్నం

గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గానికి, సభ్యులకు, వారి కుటుంబాలకు నమస్కారం. ఓడల మీద ఉండి ఈ సభకు రాలేకపోయిన మనవాళ్లకు నివేదికను ఫోనులో పంపుతున్నాం.

ఈ ఏడాది పనుల్లో గర్వంగా చెప్పుకోదగ్గది పాత కాగితాల శిబిరం. పాత పోస్టాఫీసు ప్రాంతంలో ఒక హాలు అద్దెకు తీసుకుని రెండు ఆదివారాలు నడిపాం. మల్కాపురం నుంచి వచ్చిన ఒక తల్లి, కాలం చేసిన తన భర్త దాచుకున్న బిస్కెట్ల డబ్బాను బల్ల మీద బోర్లించారు. అందులో మూడు సీడీసీలు, అంటే నావికుడి సర్వీసు నమోదయ్యే పుస్తకాలు, ఉన్నాయి. ఒకదాని అట్ట ఉబ్బిపోయి, పేజీలు ఒకదానికొకటి అంటుకుపోయాయి. మన కుర్రాళ్లిద్దరు ఓపికగా ఒక్కో పేజీ విడదీసి, అలుక్కుపోయిన ముద్రలను భూతద్దంతో చూసి, సైన్ ఆన్, సైన్ ఆఫ్ తేదీలు, అంటే ఓడ ఎక్కిన, దిగిన తేదీలు, వరుసగా రాశారు. ఆయన ఎక్కిన ఓడలన్నీ ఒక తెల్లకాగితం మీదికి వచ్చేసరికి పొద్దుగూకింది. ఆ పట్టిక జతచేసి ముంబయిలోని సీమెన్స్ ప్రావిడెంట్ ఫండ్ సంస్థకు దరఖాస్తు పంపాం. జవాబు ఇంకా రాలేదు. వదిలిపెట్టం.

ఫ్యాక్టరీ కార్మికుడి సర్వీసు ఒకే రిజిస్టరులో ఉంటుంది. మనకు తొమ్మిది నెలలకొక ఒప్పందం, కొన్నాళ్లు ఇల్లు, మళ్లీ మరో కంపెనీ. పదవీ విరమణ సన్మానం మనలో ఎంతమందికి జరిగింది? మెడికల్‌లో తప్పిన రోజో, ఏజెంటు ఫోను ఎత్తడం మానేసిన రోజో మన ఉద్యోగం ముగుస్తుంది. 1966లో ప్రావిడెంట్ ఫండ్ చట్టం వచ్చింది నిజమే. కానీ జమ పడిందా లేదా అన్నది ఎక్కిన ఓడ జెండాను, అంటే ఆ ఓడ ఏ దేశంలో నమోదైందన్నదాన్ని, సంతకం చేసిన ఒప్పందాన్ని బట్టి ఉంటుంది. అందుకే చెబుతున్నాను: ప్రతి ఒప్పందం నకలు, ప్రతి జీతం చీటీ ఇంట్లో ఒకరికి అప్పగించి మరీ ఓడ ఎక్కండి.

జూన్ 25న, నావికుల దినోత్సవం రోజు, కొత్తగా ఓడ ఎక్కబోయే పిల్లలకు తరగతి పెట్టాం. మన దేశం 2015లో ఆమోదించిన అంతర్జాతీయ సముద్ర కార్మిక ఒడంబడిక ప్రకారం ఉద్యోగం ఇప్పించినందుకు నావికుడి దగ్గర రుసుము తీసుకోకూడదు. రెండు నెలల జీతం ఎగ్గొడితే అది ఆ ఒడంబడిక లెక్కలో నావికుణ్ణి గాలికి వదిలేయడమే. అలాంటప్పుడు ఇంటికి చేర్చడానికి, నాలుగు నెలల వరకు బకాయి జీతానికి యజమాని బీమా వంటి హామీ చూపాలి. ఆ హామీ పత్రం ఓడలో అందరికీ కనిపించేలా అంటించి ఉండాలి. ఇంత ఉన్నా మన పిల్లలు లైసెన్సు లేని ఏజెంట్లకు లక్షలు పోస్తూనే ఉన్నారు. తల్లి పుస్తెలు తాకట్టు పెట్టి కట్టామని తరగతిలో ఒక అబ్బాయి చెబుతుంటే హాలంతా మూగబోయింది.

ఆ రోజు వస్తానని మాట ఇచ్చిన అధికారి కోసం పదకొండు దాకా ఎదురుచూశాం. రాలేదు, కబురూ లేదు. మనవాళ్ల సంగతీ చెప్పక తప్పదు. శిబిరంలో పని చేస్తామని పేరిచ్చినవారు పన్నెండుమంది, వచ్చినవారు నలుగురు. జీతం ఆగినప్పుడు అర్ధరాత్రి ఫోను చేసే సభ్యులు, ఒడ్డున ఉన్నప్పుడు ఒక్క ఆదివారం ఇవ్వలేరా?

జమాఖర్చుల పట్టికను కోశాధికారి గారు విడిగా అందజేస్తున్నారు. హాలు అద్దె, జిరాక్సులు, పోస్టు ఖర్చు తప్ప పెద్ద ఖర్చులు లేవు. చందా బకాయిలు ఈ రోజే చెల్లించండి.

శిబిరానికి వచ్చిన ఆ నలుగురికి, రెండు ఆదివారాలూ టీ, ఉప్మా పంపిన సింధియా ప్రాంత మిత్రులకు, ఉచితంగా దరఖాస్తులు రాసిపెట్టిన న్యాయవాది గారికి, పట్టికలు టైపు చేసిన ఆడపడుచులకు, అద్దె తగ్గించిన హాలు యజమానికి సంఘం తరఫున హృదయపూర్వక కృతజ్ఞతలు. దరఖాస్తుల వెంట ముంబయి వెళ్లడానికి ఇద్దరు కావాలి. సభ ముగిసేలోగా పేర్లు ఇవ్వండి. ఈ నివేదికను ఆమోదించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి