జీర్ణాశయం లేని మనిషికి అన్నం ఎలా పెట్టాలో చెప్పండి

తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

మా నాన్నకు జీర్ణాశయం లేదు. క్యాన్సర్ సోకడంతో 2021లో దాన్ని పూర్తిగా తీసేసి, అన్నవాహికను నేరుగా చిన్నపేగుకు కలిపారు. ఆరోగ్యశ్రీ లేకపోతే మూడెకరాల పత్తి చేను అమ్మినా ఆ ఆపరేషన్‌కు చాలేది కాదు. 2023 డిసెంబరులో ఆ పథకం పరిమితిని 10 లక్షలకు పెంచినప్పుడు, ఇంకెవరి చేనో నిలబడుతుందని మా ఇంట్లో సంతోషపడ్డాం. ప్రాణం నిలిపినందుకు మా కుటుంబం రుణపడి ఉంది. నేను రాస్తున్నది ఆ తరువాతి సంగతి.

ఇంటికి పంపేరోజు ఆసుపత్రిలో ఇచ్చిన కాగితం ఇంగ్లీషులో ఉంది. మందుల పేర్లు, కుట్లు విప్పే తేదీ, మెత్తని ఆహారం పెట్టమని ఒక్క ముక్క. అమ్మకు చదువు రాదు. మెత్తగా వండి, మూడు పూటలా కంచం నిండా పెట్టింది. కడుపు నిండా తినమనడమే కదా మనకు తెలిసిన ప్రేమ! చూడవచ్చిన బంధువులు గ్లూకోజు పొడి, బత్తాయి రసం తెచ్చారు. తాగిన పావుగంటకే నాన్నకు గుండె దడ, ఒళ్లంతా చెమట, కళ్లు తిరగడం. జబ్బు తిరగబెట్టిందేమోనని ఎన్ని రాత్రులు కూర్చున్నామో.

అది డంపింగ్ సిండ్రోమ్ అని చాలా ఆలస్యంగా తెలిసింది. జీర్ణాశయం ఆహారాన్ని కొద్దికొద్దిగా పేగులోకి వదులుతుంది. అది లేనప్పుడు తీపి పదార్థం ఒక్కసారిగా పేగులోకి దిగి, ఒంట్లోని నీటిని అటు లాగేస్తుంది. రోజుకు ఆరేడుసార్లు కొంచెం కొంచెంగా తినాలి. తీపి తగ్గించాలి. నీళ్లు భోజనంతో కాకుండా అరగంట ఎడంగా తాగాలి. గుడ్డో చేపో పప్పో పెరుగో ప్రతిసారీ ఏదో ఒకటి ఉండాలి. తిన్న వెంటనే పడుకోకూడదు. పది నిమిషాల్లో చెప్పగలిగిన మాటలివి. ఈ ఆపరేషన్ తరువాత కొంత బరువు ఎలాగూ తగ్గుతుందట. కానీ మా నాన్న తగ్గిన పద్నాలుగు కిలోల్లో తిండంటే భయపడి మానేసినది ఎంతో ఎవరు చెప్పగలరు?

ఇంతకన్నా బాధపెట్టేది మరొకటి ఉంది. మూడేళ్లకు నాన్న అరికాళ్లు మొద్దుబారాయి. నడుస్తుంటే చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. వయసు మీదపడిందన్నారు, నీరసమన్నారు. చివరికి ఒక డాక్టరమ్మ రక్తపరీక్ష చేయించి, విటమిన్ బి12 అడుగంటిందని చెప్పారు. ఆ విటమిన్ ఒంటబట్టడానికి కావలసిన పదార్థం జీర్ణాశయంలోనే తయారవుతుంది. కాలేయంలోని నిల్వ కొన్నేళ్లు నెట్టుకొస్తుంది కాబట్టి లోటు వెంటనే బయటపడదు. జీర్ణాశయం మొత్తం తీసేసినవారికి జీవితాంతం బి12 అందించాలి. సాధారణంగా నెలకో, మూడు నెలలకో ఒక ఇంజెక్షన్. అది ఖరీదైన మందేమీ కాదు. ఇప్పుడు నాన్నకు ఇస్తున్నారు, రక్తం మెరుగుపడింది. కాళ్ల స్పర్శ మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు.

అయ్యా, ఈ ఆపరేషన్ అయిన ప్రతి మనిషి వివరాలూ అతని ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి చేరేలా చూడండి. పిల్లల టీకాల తేదీ గుర్తుపెట్టుకుని గడప దాకా వచ్చే మా ఏఎన్ఎంకు, ఫలానా ఇంట్లో బి12 సూది వేయాలని చెబితే ఆమె మరిచిపోదు. ఆ మందు అక్కడ ఎప్పుడూ ఉండాలి. ఇనుము, క్యాల్షియం, విటమిన్ డి కూడా చూస్తుండాలి. మొదటి రెండేళ్లు మూడు నుంచి ఆరు నెలలకోసారి పరీక్ష అవసరం. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ సుమారు 300 కిలోమీటర్లు. చిక్కిపోయిన మనిషిని అంతదూరం బస్సులో తీసుకెళ్లలేక మానుకునేవాళ్లు ఉంటారు. ప్రతిసారీ అంతదూరం వెళ్లే అవసరం లేకుండా, బరువు, రక్తపరీక్షల వరకైనా జిల్లా ఆసుపత్రిలోనే ఒక రోజు కేటాయించండి.

ఇంటికి పంపేముందు ఆహారం గురించి రోగికి చెబితే సరిపోదు, వంట చేసే మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పించండి. కాగితం తెలుగులో, బొమ్మలతో ఉండాలి. మా జిల్లాలో గోండి, మరాఠీ మాట్లాడే ఇళ్లకు వారి భాషలోనే ఇవ్వాలి.

అమ్మ ఇప్పుడు గోడ క్యాలెండర్ మీద తేదీ పక్కన గీతలు పెడుతోంది. నాన్న తిన్న ప్రతిసారీ ఒక గీత, సూది వేసిన రోజున సున్నా. ఆ కాగితం తయారుచేసేవారికి నమూనాగా పనికొస్తుందంటే ఆ పుటలు పంపిస్తాను.

ఇట్లు,
ఆదిలాబాద్ జిల్లా నుంచి ఒక రోగి కూతురు