కినోవా కబుర్లు

ఒరే శీనూ,

షుగర్ బయటపడ్డప్పట్నుంచి అన్నం మానేసి మూడు పూటలా ఆ కినోవా గింజలే వండుకు తింటున్నావట. చెల్లాయి ఫోన్ చేసి ఒకటే గోల. నీకు చెప్పలేదు గానీ మా ఇంట్లోనూ నెల్లాళ్లుగా అదే భాగోతం. మొదటిరోజు బియ్యంలా ఒక్కసారి జాడించి ఉప్మా చేశాను. చేదు విషం! అమ్మ ఒక్క ముద్దకే పళ్లెం పక్కకి నెట్టి, "ఈ మాత్రం చేదుకి ఇంత డబ్బెందుకురా, పెరట్లో వేపచెట్టు లేదూ?" అంది.

తప్పు నాదేలే. గింజ పైపొరలో సపోనిన్లనే చేదు పదార్థాలుంటాయి, కుంకుడుకాయకి నురుగొచ్చేదీ వాటివల్లే. ఇప్పుడు సన్న జల్లెడలో పోసి, నురుగు పోయేదాకా చేత్తో రుద్ది కడుగుతున్నా. ఉడికాక గింజ చుట్టూ తెల్లటి దారంలా తోక విడివడుతుంది చూశావా? అదే గింజలో మొలకెత్తే భాగం.

తమాషా ఏంటంటే, ఇది అసలు వరి, గోధుమల జాతే కాదు. మన చక్రవర్తి కూరకి దగ్గర చుట్టం! బొలీవియా, పెరూల్లో టిటికాకా సరస్సు చుట్టూ, 3,800 మీటర్ల ఎత్తున, ఎముకలు కొరికే చలిలో అక్కడివాళ్లు వేల ఏళ్లుగా పండించుకుంటున్నారు. మనకి తెలిసింది మొన్న మొన్న, 2013ని ఐక్యరాజ్యసమితి కినోవా సంవత్సరమన్నాక.

మంచిదే, కాదనను. నూరు గ్రాముల పచ్చి గింజల్లో 14 గ్రాముల ప్రోటీన్, 7 గ్రాముల పీచు. తెల్ల బియ్యంలో ప్రోటీన్ ఇందులో సగమే, పీచు ఒక గ్రాము చుట్టుపక్కల. పైగా బియ్యంలో తక్కువుండే లైసిన్, అంటే ప్రోటీన్‌లో ఒంటికి తప్పనిసరైన ఒక భాగం, ఇందులో బాగా ఉంది, మెగ్నీషియం సరేసరి. గోధుమ పడనివాళ్లకి గ్లూటెన్ బెడదా లేదు. కానీ ఒరేయ్, ఆ లెక్క పచ్చి గింజలది. ఉడికి నీళ్లు పీల్చాక నూరు గ్రాములకి ప్రోటీన్ నాలుగున్నర గ్రాములకి దిగుతుంది, పిండి పదార్థం మాత్రం 21 గ్రాములు. నువ్వేమో పళ్లెం నిండా పెట్టుకుని "ఇందులో షుగరేం లేదు" అంటున్నావట! అన్నం కన్నా నెమ్మదిగా అరుగుతుంది, అంతే. లైసిన్ సంగతంటావా, అన్నంలో పప్పు కలుపుకుంటే మన ముద్దపప్పు ఆ పని ఎప్పట్నుంచో చేస్తోంది. కొర్రల్లోనూ పీచుకి లోటు లేదు, ధర చూస్తే హాయి.

నేనైతే వారానికి రెండుసార్లు, ఒక చిన్న గిన్నెడు, బోలెడు కూరముక్కలేసి, పైన నిమ్మకాయ పిండి తింటున్నా. గింజలోని ఇనుము ఒంటికి పట్టడానికి ఆ పులుపు సాయం చేస్తుంది.

మాత్రలు మాత్రం ఆపకు. ఆపావనే చెల్లాయి అనుమానం, నాకూ అదే భయం. ఆదివారం వచ్చెయ్, కినోవా పులిహోర చేస్తా. అమ్మకి మాత్రం బియ్యంతోనే.

నీ
రాముడు