షోరూం అమ్మాయిలకి ఒక స్టూలు వేయించండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న మహిళా దినోత్సవం నాడు మీ పత్రిక మొదటి పేజీ నిండా ఒక బట్టల షోరూం వాళ్ల ప్రకటన వచ్చింది. ఒకే రంగు యూనిఫాం చీరల్లో ముప్ఫైమంది దాకా అమ్మాయిలు మెట్ల మీద నిలబడి నవ్వుతున్నారు. మా దగ్గర ఎక్కువమంది ఆడవాళ్లే, అందరికీ అవకాశం ఇవ్వడమే మా పద్ధతి అన్నట్టు కింద రాశారు. నా చూపు మాత్రం వాళ్ల కాళ్ల మీదకి పోయింది. పద్నాలుగేళ్లు విజయవాడలో అలాంటి షోరూంలోనే ఫ్లోర్ ఇన్‌ఛార్జిగా చేసినవాణ్ణి. అమ్మాయిలు కూర్చోకుండా చూడటం నా డ్యూటీ.

ఇది సిగ్గుపడుతూనే రాస్తున్నాను. పొద్దున తొమ్మిదిన్నరకి వస్తే రాత్రి తొమ్మిదిన్నర దాకా, మధ్యలో అన్నానికి అరగంట తప్ప, నిలబడే ఉండాలి. కస్టమర్ లేకపోయినా అంతే. కౌంటర్‌కి ఆనుకోకూడదు. ఆనుకుంటే పైన సీసీ కెమెరాలో చూసి నాకు ఫోన్ చేసేవారు, నేను వెళ్లి జీతంలో యాభై రూపాయలు కోత రాసేవాణ్ణి. ఆషాఢం సేల్, శ్రావణమాసం, దసరా వచ్చాయంటే టైం ఇంకా సాగేది. అలాంటి ఒక రోజు ట్రయల్ రూం తలుపు ఎంత కొట్టినా తియ్యలేదు. లోపల చూస్తే మా అమ్మాయిలిద్దరు చెప్పులు విడిచి, కాళ్లు గోడకి ఎత్తిపెట్టి నేల మీద పడుకుని ఉన్నారు. వాచిన పాదాల మీద చెప్పు పట్టీ అచ్చు గుంటలు పడి ఉంది. ఆ రోజు కూడా ఇద్దరికీ ఫైన్ రాశాను.

వీళ్లు నీళ్లు కూడా సరిగా తాగేవారు కాదు. బాత్రూం పై అంతస్తులో ఉండేది, వెళ్లాలంటే నన్ను అడగాలి. మగవాణ్ణి అడగలేక నీళ్లే మానేసేవారు.

డైవర్సిటీ, ఇన్‌క్లూజన్ అని పెద్ద కంపెనీల హెచ్ఆర్ వాళ్లు ఇప్పుడు తెగ మాట్లాడుతున్నారు. ఎంతమంది ఆడవాళ్లు, ఎంతమంది వికలాంగులు అని లెక్కలు వేస్తారు. మా షాపులో ఆ లెక్క గుమ్మం దగ్గరే తేలిపోయేది. ‘సేల్స్ గర్ల్స్ కావలెను, వయసు 18–28’ అని బోర్డు కట్టేవాళ్లం. అన్ని గంటలు నిలబడి ఓర్చుకోగలిగేది ఆ వయసువాళ్లే కదా. పెళ్లయి నెల తప్పిన అమ్మాయి ఐదో నెలకల్లా తనే మానేసేది, మేము పొమ్మనక్కర్లేదు. 26 వారాల ప్రసూతి సెలవు 2017 నుంచి చట్టంలో ఉంది. మా ఫ్లోర్‌లో అది తీసుకున్న పిల్ల ఒక్కతి కూడా నాకు గుర్తులేదు. మేనేజర్లం అందరం మగవాళ్లమే. మాకు కుర్చీలు ఉండేవి.

ఒకమ్మాయి సంగతి ఇప్పటికీ మర్చిపోలేను. మంగళగిరి నేత కుటుంబం, చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడింది. ఇంటర్వ్యూలో ఊరికే పరీక్షిద్దామని మూడు చీరలు ముందు పడేశాను. అంచు వేళ్ల మధ్య పెట్టి ఇలా నలిపి, ఇది మగ్గం, ఈ రెండూ పవర్‌లూమ్ సార్ అని చెప్పేసింది. మా సీనియర్ సేల్స్‌మన్‌కే ఆ తేడా బిల్లు చూస్తే గానీ తెలియదు. ‘నిలబడగలవా అమ్మా?’ అని అడిగాను. ‘కూర్చుని అయితే ఎంతసేపైనా చూపిస్తాను సార్’ అంది. పంపించేశాను.

అసలు బట్టల వ్యాపారంలో కూర్చోవడం తప్పు ఎప్పుడైందో నాకు అర్థం కాదు. నా చిన్నప్పుడు కొట్లో తెల్ల దుప్పటి పరిచిన పరుపు ఉండేది. షావుకారు బాలీసుకి ఆనుకుని, గుమాస్తా బాసింపట్టు వేసుకుని చీరలు విప్పేవాళ్లు. కొనేవాళ్లు చెప్పులు విడిచి అదే పరుపు మీద కూర్చునేవాళ్లు. అద్దాల షోరూంలు వచ్చాక పట్టుచీరల సెక్షన్‌లో కొనేవాళ్లకి పరుపు మిగిలింది. చూపించేవాళ్లకే పోయింది.

కేరళలో దీనిమీద ఆడవాళ్లు గట్టిగానే కొట్లాడారు. కోళికోడ్‌లో మిఠాయి తెరువు అనే బజారు వీధి షాపుల్లో పనిచేసే వాళ్లని విజి అనే ఆవిడ ‘పెన్‌కూట్టు’ పేరుతో కూడగట్టింది. ముందు బాత్రూం కోసం, తర్వాత కుర్చీ కోసం. 2014 చివర్లో త్రిశూర్‌లో ఆరుగురు సేల్స్ గర్ల్స్ ఒక చీరల షోరూం ముందు సమ్మెకి కూర్చుని నెలల తరబడి లేవలేదు. 2018లో కేరళ ప్రభుత్వం దుకాణాల చట్టాన్ని సవరించి, కూర్చునే వీలు కల్పించాల్సిందేనంది. 2021లో తమిళనాడు 22-ఎ సెక్షన్ చేర్చి అదే పని చేసింది. అంతెందుకు, నిలబడి పనిచేసే కార్మికులకి కూర్చునే ఏర్పాటు ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే ఉండేది. పాత కార్మిక చట్టాల బదులు కేంద్రం తెచ్చిన కొత్త లేబర్ కోడ్‌లలో కార్మికుల భద్రత, ఆరోగ్యం మీద ఉన్నదానిలోనూ ఆ మాట ఉంది, అది 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. సిబ్బందిలో 5 శాతం వికలాంగులు ఉండేలా ప్రైవేటు యజమానులకి ప్రోత్సాహకాలు ఇవ్వాలని అందులో రాశారు. సమాన అవకాశాల విధానం ప్రతి సంస్థా బయటపెట్టాలని కూడా ఉంది. మా షోరూంలో ఆ కాగితం నేనెప్పుడూ చూళ్లేదు. నన్ను అడిగినవాళ్లూ లేరు.

మన రెండు రాష్ట్రాల కార్మిక శాఖల్ని కోరేది ఇంతే. ఆ కొత్త కోడ్ కింద మీరు రాసుకునే నిబంధనల్లో షాపులు, షోరూంలు, సూపర్‌మార్కెట్లు అని పేరు పెట్టి రాయండి, ‘తగిన ఏర్పాట్లు’ అని వదిలేస్తే మా ఓనర్లు రెండో అంతస్తు గోడౌన్‌లో ఒక బెంచీ వేసి ఫోటో తీసి పంపిస్తారు. ఆ మనుషుల్ని నాకు బాగా తెలుసు. స్టూలు కౌంటర్ పక్కనే ఉండాలి. ఇన్‌స్పెక్టర్ గారు చెప్పి రాకూడదు, అదీ ఆషాఢంలో రావాలి.

కూర్చుంటే బద్ధకం వస్తుంది, కస్టమర్ వచ్చినా లేవరు అని మా ఓనరు అనేవారు, నేనూ నమ్మాను. కాళ్లలో నరాలు ఉబ్బి ఉద్యోగం మానేశాక మా వీధిలోనే చిన్న మ్యాచింగ్ సెంటర్ పెట్టుకున్నాను. ఇద్దరు పనిచేస్తారు. ఒకావిడకి యాభై రెండేళ్లు, ఇంకో అమ్మాయికి చంటిబిడ్డ. ఇద్దరికీ చెరో స్టూలు ఉంది. గుమ్మంలో మనిషి నీడ పడగానే లేస్తారు, నేను చెప్పక్కర్లేదు. స్టూలు ఒకటి నాలుగు వందలు పడింది.

ఇట్లు,
ఒక మాజీ ఫ్లోర్ ఇన్‌ఛార్జి
విజయవాడ
(పేరు వేయవద్దని మనవి)